బిళ్ళగన్నేరు, ప్లీహము, రక్తఫలకికలు

కడియము నర్సరీలలో గులాబీల వరుసలకును క్రోటన్ల వరుసలకును నడుమ, ఒకపూట నీరందకున్నను వాడక, ఏడాది పొడవునా ఐదు రేకుల ఊదాపూలు పూయుచు, కొనవచ్చినవారు వెలయైన అడుగక దాటిపోవు బిళ్ళగన్నేరు మొక్కకు, చర్మముపై ఎఱ్ఱని చుక్కలు తేలి చిగుళ్ళనుండి నెత్తురు కారు ఐ.టి.పి. అను వ్యాధి చికిత్సాచరిత్రలో చోటు గలదనిన ఆశ్చర్యము కలుగక మానదు.

1735లోనే హానోవరు వైద్యుడు వెర్ల్‌హాఫ్ ఈ వ్యాధిని వర్ణించెను. నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు రక్తఫలకికలు, అనగా మన వాడుకలోని ప్లేట్‌లెట్లు, మైక్రోలీటరుకు లక్షన్నరకు తగ్గక ఉండవలసినవి, ఇందులో పదివేలకును దిగజారును. 1916లో ప్రాగ్ నగరమున కాజ్నెల్సన్ అను వైద్యవిద్యార్థి, ఆ కణములు ప్లీహములోనే నశించుచున్నవని ఊహించి, తన ఆచార్యుడగు ష్లోఫర్‌ను ఒప్పించి ఒక రోగిణికి ప్లీహమును తీయింపగా ఫలకికలు పెరిగెను. విద్యార్థి మాట విని కత్తిపట్టిన ఆ ఆచార్యుని ఔదార్యము నాకు మిక్కిలి గొప్పగా తోచును.

కారణము తేలుటకు మఱి ముప్పదినాలుగేండ్లు పట్టెను. 1950లో సెయింట్ లూయిస్ నగరమున హారింగ్టన్ అను యువవైద్యుడు రోగి రక్తమును తన సిరలోనికే ఎక్కించుకొనెను. గంటలలో అతని ఫలకికలు పడిపోయి, ఒడలెల్ల చుక్కలు తేలి, మూర్ఛయు వచ్చెను. రోగి రక్తములోని పదార్థమొకటి ఫలకికలను నశింపజేయుచున్నదని దీనివలన రుజువయ్యెను. అది ప్రతిరక్షకమనియు, అది అంటిన ఫలకికలను ప్లీహములోని భక్షకకణములు మ్రింగుచున్నవనియు తరువాత స్పష్టపడెను.

ఇక మన మొక్క. జమైకాలో మధుమేహమునకు కషాయముగా త్రాగు దీని ఆకులను 1952లో కెనడాకు పంపగా, రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు గాని ఎలుకల తెల్లకణములు తగ్గెను. ఆ జాడననుసరించి క్యాన్సరు మందైన విన్‌బ్లాస్టిన్ వెలువడెను; ఈ మొక్కనుండియే విన్‌క్రిస్టిన్ అను మఱియొక క్యాన్సరు మందును లభించెను. 1974లో, అప్పటికి మయామీ చేరియున్న ఆ హారింగ్టన్, ఆన్ అను సహచరునితో కలిసి విన్‌క్రిస్టిన్‌ను ఐ.టి.పి. రోగులకిచ్చెను. 1978లో వారు ఫలకికలకే విన్‌బ్లాస్టిన్ పట్టించి ఎక్కించిరి: ఎలుకకు మందు కలిపి పెట్టిన ఎర వలె, వానిని మ్రింగిన భక్షకకణములే దెబ్బతినునని వారి ఆలోచన.

నేడు ముందుగా స్టెరాయిడ్లు, అవసరమైనచో 1981లో ఇంబాక్ చూపిన ఇమ్యునోగ్లోబులిన్, 2008నుండి ఎముకమజ్జను ప్రేరేపించు మందులు ఉండుటచే, విన్‌క్రిస్టిన్ అక్కర అరుదు. అదియు వైద్యుడు సిరకెక్కించినప్పుడే ఔషధము. కావున ఫలకికలు తగ్గినవని వాకిటి బిళ్ళగన్నేరు ఆకులు నూరి త్రాగవలదు. ప్లీహము తీయించుకొనువారు కనీసము రెండువారముల ముందే న్యూమోకాకల్ మొదలగు టీకాలు వేయించుకొని, ఆపై ఎన్నడు జ్వరము వచ్చినను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.