ఊడిపోయే ఇనుము

1861లో లూయీ పాశ్చర్ సూక్ష్మదర్శినిలో ఒక వింత చూశాడు. బ్యుటిరిక్ ఆమ్లాన్ని పుట్టించే బాక్టీరియా చుక్క నడిమధ్యన చురుగ్గా ఈదుతోంది. గాలి తగిలే అంచు దగ్గర మాత్రం చలనం లేకుండా పడి ఉంది. గాలి గిట్టని జీవులున్నాయని అలా తెలిసింది. ఎందుకు గిట్టదో తేలడానికి వందేళ్లు దాటింది.

1923లో మెక్‌లియోడ్, గోర్డన్ నేరాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్ మీద మోపారు. దాన్ని విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైమ్ లేని బాక్టీరియాకే గాలితో చిక్కని వాళ్ల వాదన. అందులో నిజం సగమే. 1954లో రెబెకా గెర్ష్‌మన్ బృందం, ఆక్సిజన్ విషానికీ ఎక్స్‌రే గాయానికీ మూలం ఫ్రీ రాడికల్సేనంది. దెబ్బ ఎక్కడ తగులుతుందో అప్పటికీ తెలియదు.

1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ పశువుల ఎర్ర రక్తకణాల్లోని ఒక ప్రొటీన్‌కు పని కనిపెట్టారు. రాగిని నిల్వ చేసేదేమో అనుకుంటూ 1938 నుంచీ పక్కన పెట్టిన ప్రొటీనది. ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ అదనంగా అంటుకుంటే పుట్టే సూపర్ ఆక్సైడ్‌ను అది క్షణాల్లో మట్టుబెడుతుంది. పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్.

అసలు మలుపు 1986లో వచ్చింది. కార్లియోజ్, తువాతి ఈ ఎంజైమ్ బొత్తిగా లేని ఇ. కోలైని తయారుచేశారు. గాలి లేనిచోట అది మామూలుగానే పెరిగింది. గాలిలో, ఒక్క గ్లూకోజే ఆహారంగా పెడితే ఎదుగుదల ఆగిపోయింది. అమైనో ఆమ్లాలు అందిస్తే మళ్లీ పుంజుకుంది. అంటే సూపర్ ఆక్సైడ్ కనబడినదల్లా ధ్వంసం చెయ్యడం లేదు, అమైనో ఆమ్లాలు తయారుచేసే కొన్ని ఎంజైమ్‌లను ఎంచి కొడుతోంది. ఈ రంగంలో ఇంత చక్కని ప్రయోగాలు అరుదు.

మరుసటి ఏడాదే ఫ్రిడోవిచ్ ప్రయోగశాల అలా దెబ్బతినే ఒక ఎంజైమ్‌ను పట్టుకుంది. వాలీన్, ఐసోల్యూసీన్, ల్యూసీన్‌ల తయారీకి కావలసిన డైహైడ్రాక్సీ ఆసిడ్ డీహైడ్రటేజ్ అది. తర్వాత అకోనిటేజ్, ఫ్యూమరేజ్‌లు తోడయ్యాయి. ఈ ఎంజైమ్‌ల నడుమ నాలుగు ఇనుప, నాలుగు గంధక పరమాణువుల గుత్తి ఉంటుంది. పని జరిపించడానికి ఒక ఇనుము బయటికి తెరుచుకునే ఉంటుంది. సూపర్ ఆక్సైడ్ అక్కడికే వచ్చి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. గుత్తి వదులై ఆ ఇనుము ఊడిపోతుంది. ఎంజైమ్ మూగబోతుంది. కణం దాన్ని మళ్లీ బాగుచేసుకోగలదు. ఊడిన ఇనుము మాత్రం పెరాక్సైడ్‌తో కలిసి డీఎన్ఏను గాయపరిచే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఒక దెబ్బ ఇంకో దెబ్బను ఈడ్చుకొస్తుందన్నమాట.

గుత్తి లేని ఎంజైమ్‌లకూ గండమే. ఒక్క ఇనుముతో నడిచే రిబ్యులోజ్-5-ఫాస్ఫేట్ ఎపిమరేజ్‌ను పెరాక్సైడ్ దెబ్బతీస్తుందని జేమ్స్ ఇమ్లే బృందం 2011లో చూపింది. బాక్టీరియా దగ్గర దీనికి ఉపాయముంది: మాంగనీస్‌ను లోపలికి తెచ్చుకుని ఇనుము స్థానంలో కూర్చోబెడుతుంది. మాంగనీస్‌కు పెరాక్సైడ్‌తో పేచీ లేదు.

మన తెల్ల రక్తకణాలు క్రిములపై సూపర్ ఆక్సైడ్‌ను కుమ్మరిస్తాయి. అంతటితో ఆగక, కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌తో వాటికి మాంగనీస్ దక్కకుండా లాగేసుకుంటాయి కూడా.