కలవని గీతలు

మొన్న సాయంత్రం కాకరకాయలు తరుగుతుంటే, తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది.

"అమ్మా, సమాంతర రేఖలు ఎంత పొడిగించినా కలవవట. అంతదూరం ఎవరు వెళ్ళి చూసొచ్చారు?" అంది.

నేను బి.ఏ. చదివినదాన్ని. నా లెక్కలు పాలవాడి పద్దు దగ్గరే ఆగిపోయాయి. కాని ఆ గీతల వెనక ఒక తండ్రీ కొడుకుల కథ ఉంది. అది మాత్రం నాకు తెలుసు.

క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ 'ఎలిమెంట్స్' అనే పదమూడు భాగాల గ్రంథం రాశాడు. భాగాలు లేనిది బిందువనీ, వెడల్పు లేని పొడవు రేఖ అనీ మొదలుపెట్టి, ఋజువు అడక్కుండా ఒప్పుకోవలసిన సంగతులు అయిదు చెప్పాడు. నాలుగింటితో పెద్ద పేచీ లేదు. అయిదోదే చిక్కు. దాన్ని ఇప్పటి పాఠాల్లో సులువుగా ఇలా చెప్తారు: ఒక తలం మీద ఒక గీత, దానికి ఎడంగా ఒక చుక్క ఉంటే, ఆ చుక్కగుండా మొదటి గీతకు సమాంతరంగా ఒక్కటంటే ఒక్క గీతే పోతుంది.

నిజమేననిపిస్తుంది. కాని అనంతం దాకా పోయే గీతల్ని కంటితో చూసి ఒప్పుకునేదెలా? మిగతా నాలుగింటి సాయంతో దీన్ని ఋజువు చెయ్యాలని రెండువేల ఏళ్ళు ఎందరో తలలు బద్దలు కొట్టుకున్నారు.

హంగేరీవాడు ఫర్కాష్ బోల్యాయ్ వారిలో ఒకడు. ఏళ్ళ తరబడి కుస్తీపట్టి ఓడిపోయాడు. కొడుకు యానోష్ కూడా అదే పట్టుకున్నాడని తెలిసి హడలిపోయాడు. ఆ గీతల జోలికి పోవద్దనీ, ఆరోగ్యం, మనశ్శాంతి సమస్తం పోతాయనీ 1820లో ఉత్తరం రాసి బతిమాలాడు. పాపం, కన్న ప్రాణం కదా!

కొడుకు వింటేనా? అసలు ఆ చుక్కగుండా ఒక్క గీతే ఎందుకు పోవాలి, చాలా పోతాయనుకుంటే ఏమవుతుందని ఎదురు తిరిగి చూశాడు. ఏమీ కూలిపోలేదు! త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలకు తక్కువయ్యే కొత్త రేఖాగణితమే పుట్టింది. 1823లో, ఇరవై ఒకటో ఏడు నిండకుండానే, శూన్యంలోంచి కొత్త లోకాన్ని సృష్టించానని తండ్రికి రాశాడు.

1832లో తండ్రి తన పుస్తకం చివర అనుబంధంగా దాన్ని అచ్చువేయించి, చదువుకున్ననాటి స్నేహితుడు గౌస్‌కు పంపాడు. గౌస్ అంటే ఆనాటి గణితానికి మకుటం లేని మహారాజు. ఆయన ఏమన్నాడో తెలుసా? దీన్ని పొగిడితే నన్ను నేను పొగుడుకున్నట్టే, ఇవన్నీ నేను ఎప్పుడో ఆలోచించినవే అన్నాడు. అది నిజమే. అచ్చు మాత్రం వెయ్యలేదు.

యానోష్ మనసు విరిగిపోయింది. రష్యాలో లొబచేవ్‌స్కీ 1829లోనే ఇలాంటిదే ప్రచురించాడని తర్వాతెప్పుడో తెలిసింది. గణితంలో ఇంకేమీ అచ్చువేయించకుండానే, వేలకొద్దీ కాగితాలు మిగిల్చి, 1860లో కన్నుమూశాడు.

అసలు బాధ ఇది కాదు. అదే 1832లో గౌస్ మరో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, ఈ కుర్రాడు మొదటి శ్రేణి మేధావి అని మెచ్చుకున్నాడు. ఆ మాట ఆ కుర్రాడికి రాసి ఉంటే?

మనం మాత్రం తక్కువ తిన్నామా? పిల్లల తెలివి పక్కింటావిడ దగ్గర చెప్పుకుని మురిసిపోతాం. వాళ్ళ ఎదుట మాత్రం మూతి బిగించుకుంటాం.

"ఎవరూ వెళ్ళి చూడలేదే. ఒప్పుకున్నారు, అంతే. ఒప్పుకోనివాడు ఇంకో లోకం కనుక్కున్నాడు. చాలా మంచి ప్రశ్న వేశావు" అన్నాను.

మా అమ్మాయి నావంక అనుమానంగా చూసింది. "ఏమిటమ్మా, ఒంట్లో బాగాలేదా?"