సాన పట్టినోళ్ళం

తురకోళ్ళంటే చాలామందికి కత్తులే గుర్తొస్తాయి. పాఠ్యపుస్తకాలు మా చేతికి కత్తినిచ్చాయి. ఆ కత్తికి పదును పెట్టినవాడి ఊసు ఎత్తలేదు. ఉర్దూలో అతను సైకల్‌గర్. సైకల్ అంటే మెరుగు పెట్టడం, అరబ్బీ మాట. సైకిలుతో దానికి చుట్టరికం లేదు, ఇప్పుడా సాన తిరిగేది మాత్రం సైకిలు మీదే. ఈ పని ఒక్క మాదే అనం. సిక్లిగర్ సిక్కులూ ఉన్నారు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్ళని వాయిసీ రాసింది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు ఖ్యాతి కత్తి పట్టినవాళ్ళకే దక్కింది. 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిషు ఇలాకాలో లైసెన్సు లేకుండా కత్తి పట్టుకు తిరగడం నేరమైంది. 1948 సెప్టెంబరుతో నిజాం రాజ్యమూ పోయింది. సాన పోలేదు. ఛురీ, కత్తెర, కత్తిపీట వెతుక్కుంటూ గల్లీల్లోకొచ్చింది.

ఆ సాన కొన్నది కాదు, చేసుకున్నది. కురువిందం పొడిని కరిగిన లక్కలో కలిపి చక్రంగా ఒత్తితే చల్లారేసరికి రాయి అవుతుంది. ఒకరు తోలుపట్టీ లాగి తిప్పుతుంటే ఇంకొకరు కత్తి ఆనించేవాళ్ళు. కురువిందం అన్న మన మాటే ఇంగ్లీషులో కోరండం అయింది.

మా ఇళ్ళల్లో అంతపాటి సానైనా ఎక్కడిది? చీనీ కప్పు బోర్లిస్తారు. దాని అడుగున మెరుగు అంటని గరుకు అంచుంటుంది. రెండువేళ్ళ వెడల్పున్న ఛురీ అయితే మొండివైపు చిటికెనవేలంత ఎత్తు లేపి, కాస్త నీళ్ళు చల్లి, పిడి దగ్గర్నుంచి మొనదాకా ఒకే వాటంలో లాగాలి. అటు పది, ఇటు పది. వాటం మారితే ఉన్న పదునూ పోతుంది. మరీ మొద్దుబారితే చెక్కముక్కకు ఎమరీ కాగితం అంటించి ముందు దానిమీద రుద్దాలి. చివర్లో పాత తోలుబెల్టు. ఖర్చు ఆ కాగితానికే. అమ్మీలు ఈ చదువు ఏ బడిలోనూ చదవలేదు.

బక్రీదు ముందు ఈ పని తప్పనిసరి. జంతువుకు బాధ తగ్గాలని ఛురీ పదునుగా ఉంచమన్నారు ప్రవక్త. దాని కళ్ళెదుట నూరొద్దనీ అన్నారు. మాకు పదునంటే దయ. వీధిలో అదే ఛురీ మారణాయుధం! 1962 ఆయుధాల నియమాలు తొమ్మిదంగుళాలు దాటిన కత్తుల్ని లెక్కలో వేసుకున్నా, ఇంటిపని కోసం చేసినవాటిని వదిలేశాయి. చట్టం వదిలినా చూపులు వదలవు. కర్ఫ్యూ రోజుల్లో ఉల్లిపాయలు కోసే ఛురీని బియ్యం డబ్బాలో దాచుకున్నవాళ్ళం మేం.

2007 బీసీ-ఇ చట్టంలో తురకకాశ పక్కన రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు అన్న పేరూ ఉంది. సర్కారు కాగితంలో మా చేతికి కత్తికి బదులు ఉలి దొరికింది. అప్పటికే మిక్సీలొచ్చి రోళ్ళు మూలపడ్డాయి. మొద్దుబారిన స్టీలు కత్తిని పారేసి కొత్తది కొంటున్నారు జనం. మా గల్లీకి సైకిలు మీద సాన తెచ్చే భాయిని ఆ సర్టిఫికెట్ తీసుకున్నావా అని అడిగాం. ఏ పేరు మీద అడగాలో తెలీదన్నాడు.