శ్రమను కొలిచిన దంపతులు

గోడ కట్టే తాపీమేస్త్రిని చూడనివారు ఉండరు. అతడు వంగి ఇటుక తీస్తాడు. చేతిలో తిప్పి, మంచి ముఖం ఏదో చూస్తాడు. మళ్ళీ వంగి తాపీతో మాలు తీసి పరుస్తాడు. ఇటుకను దానిపై ఉంచి తాపీతో రెండు మూడు దెబ్బలు వేసి సరిచేస్తాడు. కొన్ని వేల సంవత్సరాలుగా మానవుడు ఈ పని చేస్తూనే ఉన్నాడు. కాబట్టి ఇందులో కొత్తగా కనిపెట్టవలసినది ఏమీ మిగిలి ఉండదని ఎవరైనా అనుకుంటారు. 1885లో అమెరికా దేశంలోని బోస్టన్ నగరంలో ఈ పని నేర్చుకోవటానికి చేరిన ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు మాత్రం అలా అనుకోలేదు.

అతని పేరు ఫ్రాంక్ గిల్‌బ్రెత్. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో చేరటానికి అర్హత సంపాదించి కూడా, అతడు కళాశాలకు పోక కట్టడపు పనిలో కుదిరాడు. పని నేర్పటానికి ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు ఉండేవారు. వారిలో ఏ ఇద్దరూ ఒకే తీరున ఇటుక పేర్చటం అతనికి కనిపించలేదు. ఇంకా వింత ఏమిటంటే, ఒకే మేస్త్రి మూడు రకాలుగా పనిచేసేవాడు: తీరికగా ఉన్నప్పుడు ఒక రకం, తొందరలో మరొక రకం, శిష్యునికి చూపేటప్పుడు వేరొక రకం. ఈ మూడింటిలో ఏది సరియైనది? కుర్రవాడు అడిగిన ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ ప్రశ్న అతణ్ణి జీవితాంతం విడిచిపెట్టలేదు.

అతడు గమనించినవాటిలో ముఖ్యమైనది వంగటం. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఈ లెక్క స్వయంగా వేసి చూడవచ్చును. మేస్త్రి బరువు 68 కిలోగ్రాములు అనుకుందాం. ఇటుక తీయటానికి వంగి లేచినప్పుడల్లా ఆ శరీరం సుమారు 0.6 మీటరు దిగి, మళ్ళీ అంత ఎత్తూ లేస్తుంది. లేచినప్పుడు జరిగిన పని 68 × 9.8 × 0.6, అనగా సుమారు 400 జౌళ్ళు. ఇటుక బరువు 2.3 కిలోగ్రాములనుకుంటే, దానిని అంత ఎత్తు లేపటానికి కావలసిన పని 13 లేక 14 జౌళ్ళు మాత్రమే. అంటే ఇటుకకు పట్టిన శ్రమకంటె ముప్ఫై రెట్లు ఎక్కువ శ్రమ ఒంటిని లేపటానికే ఖర్చయింది. వంగినప్పుడు శరీరం మొత్తం దిగదు గనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా రోజుకు వెయ్యిసార్లు వంగే మనిషికి సాయంత్రానికి నడుము ఎందుకు పట్టుకుపోతుందో ఈ లెక్క చెబుతుంది.

గిల్‌బ్రెత్ చేసిన మార్పులలో గొప్ప యంత్రమేదీ లేదు. గోడ లేచినకొద్దీ తానూ లేచే పరంజా ఒకటి తయారు చేశాడు. దానిపై ఇటుకలూ మాలూ మేస్త్రి నడుము ఎత్తున ఉండే బల్ల అమర్చాడు. తక్కువ కూలి తీసుకునే సహాయకులు క్రిందనే ఇటుకలను ఏరి, మంచి ముఖం ఒకే వైపుకు ఉండేటట్లు చెక్క చట్రాలలో పేర్చి పైకి పంపేవారు. అందువల్ల మేస్త్రి ఇటుకను తిప్పి చూడవలసిన అవసరం లేకపోయింది. మాలును సరిగ్గా తగినంత పలుచగా కలిపితే, ఇటుకను చేతితో అదిమితే చాలు, తాపీ దెబ్బలు అక్కరలేదు. ఒక చేయి ఇటుకను తీస్తూ ఉండగానే రెండవ చేయి మాలు తీస్తుంది. ఈ మార్పుల వలన ఒక్కొక్క ఇటుకకు పదునెనిమిది కదలికలు పట్టే పని అయిదింటికి తగ్గినదనీ, గంటకు 120 ఇటుకలు పేర్చే మనిషి 350 పేర్చగలిగాడనీ ఫ్రెడరిక్ టేలర్ 1911 నాటి తన గ్రంథంలో వ్రాశాడు.

ఈ టేలర్ (1856–1915) అంతకుముందే ప్రసిద్ధుడు. చేతిలో స్టాప్‌వాచి పట్టుకుని కార్మికుని ప్రక్కన నిలబడి, పనిలోని ఒక్కొక్క భాగానికి ఎంత కాలం పడుతుందో వ్రాసుకోవటం ఆయన పద్ధతి. బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో 1899లో ఆయన జరిపించిన పరిశీలన గురించి చాలాకాలం చెప్పుకున్నారు. ఒక్కొక్కటి 42 కిలోగ్రాములు తూగే ముడి ఇనుప దిమ్మెలను రైలుపెట్టెలోకి ఎక్కించే పని అది. రోజుకు 12½ టన్నులు ఎక్కించే కూలీ టేలర్ పద్ధతిలో 47½ టన్నులు ఎక్కించాడట. కూలి 1.15 డాలరు నుండి 1.85 డాలరుకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలు అయినది. కూలి రెండింతలైనా కాలేదు. ఆ కథలో కల్పన చాలా ఉన్నదని తరువాతి చరిత్రకారులు తేల్చారు గాని, ఈ అంకెలు టేలరు తానై గర్వంగా చెప్పుకున్నవే.

కార్మికులు ఊరుకోలేదు. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో పోతపనివారు స్టాప్‌వాచిని చూసి పని మానివేశారు. ప్రతినిధుల సభ విచారణ సంఘాన్ని వేసింది. 1912లో టేలర్ ఆ సంఘం ముందు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. 1915లో సైనిక వ్యయానికి సంబంధించిన చట్టంలోనే స్టాప్‌వాచి పరిశీలనకు ధనం ఖర్చు చేయరాదన్న నిషేధం చేరింది. అటువంటి నిషేధం 1949 వరకు కొనసాగింది. ఒక గడియారం మీద శాసనసభ ఇంతకాలం కోపం పెట్టుకోవటం చరిత్రలో అరుదు.

గిల్‌బ్రెత్ మొదట టేలర్‌ను గురువుగా భావించినవాడే. కాని 1914 ప్రాంతానికి ఇద్దరి దారులూ వేరైనవి. స్టాప్‌వాచి పనికి ఎంతసేపు పట్టినదో చెబుతుందే గాని, ఆ పని ఎట్లా జరిగినదో చెప్పదని గిల్‌బ్రెత్ అభిప్రాయం. పైగా అది చూసేవాని కన్ను మీదా, బొటనవ్రేలి మీదా ఆధారపడుతుంది. అందుచేత అతడు చలనచిత్ర యంత్రాన్ని ఆశ్రయించాడు. సెకనులోని స్వల్పభాగాన్ని కూడా చూపగల గడియారాన్ని పనివాని ప్రక్కనే ఉంచి, రెండింటినీ ఒకే చిత్రంలో తీసేవాడు. ఆ చిత్రాన్ని ఎవరైనా చూడవచ్చు, ఎన్నిసార్లయినా చూడవచ్చు. కార్మికుడు కూడా చూసి, లెక్క తప్పు అనవచ్చు.

మరొక ఉపాయం ఇంకా సొగసైనది. పనివాని వ్రేలికి చిన్న విద్యుద్దీపం కట్టి, మసక వెలుతురులో కెమెరా కన్ను తెరచి ఉంచితే, చేయి పోయిన దారి అంతా ఫలకం మీద తెల్లని గీతగా పడుతుంది. దీపానికి వచ్చే విద్యుత్తును క్రమకాలంలో ఆపుతూ ఇస్తూ ఉంటే, ఆ గీత చుక్కలుగా విడిపోతుంది. చుక్కలు దూరంగా ఉన్నచోట చేయి వేగంగా కదిలినది, దగ్గరగా ఉన్నచోట తడబడినది. విద్యుత్తు ప్రవాహాన్ని తగు విధంగా మార్చితే ప్రతి చుక్కకూ ఒక ప్రక్క మొన వస్తుంది. చేయి ఎటు పోయినదో ఆ మొన తెలుపుతుంది. పని నేర్చినవాని చిత్రంలో గీత నున్నగా, ప్రతిసారీ ఒకే దారిలో పోతుంది. కొత్తవాని చిత్రం చిక్కుపడిన నూలుండవలె ఉంటుంది. నైపుణ్యమనే మాటకు ఒక ఆకారం కనబడటం బహుశా ఇదే మొదటిసారి.

ఈ కృషిలో సగం ఫ్రాంక్ భార్యది. లిలియన్ మోలర్ 1878లో కాలిఫోర్నియాలో జన్మించి, అక్కడి విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి, 1904లో అతణ్ణి వివాహం చేసుకున్నది. తరువాత ఆమె మనస్తత్వశాస్త్రం అభ్యసించి, 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందింది. పని నిర్వహణలో మనస్తత్వాన్ని గురించి ఆమె వ్రాసిన గ్రంథం 1914లో వెలువడినప్పుడు, రచయిత స్త్రీ అని తెలియకుండా పేరులో పొడి అక్షరాలు మాత్రమే వేశారు. పనివాడు యంత్రభాగం కాడనీ, అలసటా విసుగూ కూడా కొలవవలసినవేననీ నొక్కి చెప్పినది ముఖ్యంగా ఆమె. చేతిపనులన్నిటినీ విడదీసి ఆ దంపతులు తయారుచేసిన పట్టికలో పదిహేడు, పదునెనిమిది మూలచర్యలున్నాయి: వెదకటం, ఎన్నుకోవటం, పట్టుకోవటం, చేరవేయటం, అమర్చటం, వదలటం, ఇట్లా. తమ ఇంటిపేరును ఇంచుమించు తిరగవ్రాసి వాటికి 'థర్బ్లిగ్' అని పేరుపెట్టారు. అలసట తీర్చుకునే విశ్రాంతి కూడా ఆ పట్టికలో ఒక మూలచర్య. టేలర్ విధానంలోనూ విరామానికి చోటున్నది గాని, ఇంకా ఎక్కువ దిమ్మెలు మోయించటానికే అది పనికివచ్చింది. 1916లో గిల్‌బ్రెత్ దంపతులు అలసటమీదనే ఒక గ్రంథం వ్రాశారు.

వీరి పరిశీలన అనేక చోట్లకు ప్రాకింది. శస్త్రచికిత్సలను చిత్రాలు తీసి చూస్తే, వైద్యుని కాలంలో ఎంతో భాగం పనిముట్లను వెదుక్కోవటానికే పోతున్నట్లు తెలిసింది. అడిగిన పనిముట్టును చేతికందించటానికి ఒక నర్సు ప్రక్కన ఉండాలని ఫ్రాంక్ సూచించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళూ చేతులూ కోల్పోయిన సైనికులు ఏ పనులను ఏ కదలికలతో చేయగలరో పరిశీలించి, ఆ దంపతులు 1920లో ఒక పుస్తకం ప్రకటించారు. వీరి పనులన్నిటిలో దీనినే మిన్నగా ఎంచవచ్చును. ఇక్కడ పని పెంచే మాటే లేదు. పోయిందనుకున్న పనిని మనిషికి తిరిగి ఇవ్వటమే ఉన్నది.

ఇంట్లోనూ ఇదే ధోరణి. వారికి పన్నెండుమంది సంతానం. ఒక అమ్మాయి చిన్నతనంలో డిఫ్తీరియాతో మరణించింది. పళ్ళు తోముకున్నదీ, స్నానం చేసినదీ పిల్లలు గోడమీది పట్టికలో గుర్తు పెట్టవలసి ఉండేది. వారు గిన్నెలు కడుగుతూంటే తండ్రి చిత్రం తీసేవాడు. చొక్కాపై కోటు బొత్తాలను పైనుండి క్రిందికి పెట్టుకుంటే ఏడు సెకండ్లు, క్రిందినుండి పైకి పెట్టుకుంటే మూడే సెకండ్లు పడుతుందని అతని లెక్క. రెండు చేతులతో రెండు మంగలికత్తులు పట్టి గడ్డం గీసుకోవటంలో 44 సెకండ్లు మిగిలినా, తెగిన గొంతుకు కట్టు కట్టుకోవటానికి రెండు నిమిషాలు పట్టినందున ఆ ప్రయోగం మానుకున్నాడట. ఈ ముచ్చట్లన్నీ ఇద్దరు సంతానం కలసి వ్రాసి 1948లో ప్రకటించిన 'చీపర్ బై ది డజన్' అనే పుస్తకంలో ఉన్నవి.

1924 జూన్ 14వ తేదీన ఫ్రాంక్ రైల్వేస్టేషనులో టెలిఫోనులో భార్యతో మాట్లాడుతూ, గుండె ఆగి మరణించాడు. అప్పటికి అతనికి 55 ఏళ్ళు. ఇంట్లో పదకొండుమంది పిల్లలు. కడపటి బిడ్డకు రెండేళ్ళు. ఐరోపాలో జరుగనున్న సమావేశాలకు కొద్ది రోజులలో అతడు బయలుదేరవలసి ఉన్నది. లిలియన్ ఆ ప్రయాణం మానలేదు. అతని బదులు తాను వెళ్ళి మాట్లాడి వచ్చింది. కాని వారి సలహాలు కొనే కర్మాగారాలలో కొన్ని, స్త్రీ సలహా అక్కరలేదని ఒడంబడికలు విరమించుకున్నవి. ఫాక్టరీ తలుపు మూసుకుంటూండగా ఆమె వంటయింటి తలుపు తెరిచింది. ఆడవారికి సంబంధించిన శాస్త్రమంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు గదా!

1929లో ఒక గ్యాసు కంపెనీ కోసం ఆమె ఒక నమూనా వంటయిల్లు రూపొందించింది. పొయ్యి, బల్ల, సామానుల అలమర వంటచేసే మనిషి చుట్టూ దగ్గరగా ఉంటాయి. ఒక రకం కేకు చేయటానికి మునుపు 281 అడుగులు నడవవలసి ఉండగా, ఈ అమరికలో 45 అడుగులు చాలినవి. బల్ల ఎత్తు అందరికీ ఒకటే ఉండరాదనీ, వంటచేసే మనిషి ఎత్తును బట్టి ఉండాలనీ ఆమె చెప్పింది. పరంజా మీది బల్లే తిరిగి వంటయింట్లోకి వచ్చిందన్న మాట. చెత్తడబ్బా మూతను కాలితో తెరిచే మీట, రిఫ్రిజిరేటరు తలుపులో అరలు కూడా ఆమె ఆలోచనలేనంటారు. ఇంతచేసి, ఆమె ఇంట్లో వంట చాలాకాలం ఇతరులు చేసేవారు. ఆమెకు వంట అంతగా వచ్చేది కాదు. దీనిని లోపంగా ఎంచనక్కరలేదు. అలవాటు లేని కన్నుకే అనవసరపు అడుగులు కనబడతాయి.

లిలియన్ ఎనభై దాటినా పనిచేస్తూనే ఉన్నది. 1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. 1972 జనవరిలో 93వ ఏట మరణించింది.

ఆ తరువాత రెండేళ్ళకు, 1974లో, జోన్ వానెక్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఇంటిపనికి పట్టే కాలాన్ని గురించి ఒక వ్యాసం ప్రకటించింది. బయట ఉద్యోగం చేయని గృహిణులు 1920 ప్రాంతాలలో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపనిలో గడిపేవారు. 1960 ప్రాంతాలకు, గ్యాసు పొయ్యి, బట్టలుతికే యంత్రం, కొత్త వంటయిల్లు అన్నీ వచ్చిన తరువాత, అది 55 గంటలైనది! ఒక్కొక్క పనికి పట్టే శ్రమ తగ్గిన మాట నిజమే. వానెక్ చూపిన ఈ వింతకు కారణాలను రూత్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో తన గ్రంథంలో వివరించింది. యంత్రాలతోపాటు శుభ్రతను గురించిన ఆశలు పెరిగినవి. మునుపు పనిమనుషులూ, చాకళ్ళూ, ఇంటి మగవారూ, పిల్లలూ పంచుకున్న పనులు ఒక్క గృహిణి మీదికి వచ్చినవి. లాండ్రీకి పోయే బట్టలు తిరిగి ఇంటికి వచ్చినవి. యంత్రం ఉన్నది గదా అని చొక్కాలు ఇంకా తరచుగా మార్చసాగారు.