సైనిక్‌పురి

సైనిక్‌పురి, తెలంగాణ రాష్ట్రములోని మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాకు చెందిన నివాస ప్రాంతము. ఇది సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు ఈశాన్యముగా సుమారు 10 కి.మీ. దూరములో ఉన్నది. కాప్రా, యాప్రాల్, నేరేడ్‌మెట్, డాక్టర్ ఎ.ఎస్.రావు నగర్ దీని ఇరుగుపొరుగు ప్రాంతములు. పిన్‌కోడు 500094.

పేరు, చరిత్ర

పదవీ విరమణ చేసిన రక్షణ దళాల వారికి ఇళ్ళ స్థలాలు కల్పించుటకు ఏర్పడిన కాలనీ కనుక దీనికి సైనిక్‌పురి అను పేరు వచ్చినది. ఆ కాలమున చుట్టుప్రక్కల కాప్రా వంటి పల్లెలు, చెరువులు, పొలాలు ఉండేవి. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.), ఆ తరువాత అణు ఇంధన సముదాయము సమీపములో ఏర్పడగా, వాటి ఉద్యోగుల కొరకు కొత్త కాలనీలు వెలిసినవి. ఎ.ఎస్.రావు నగర్‌కు ఇ.సి.ఐ.ఎల్. వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టారు. కాప్రా గ్రామము క్రమముగా పట్టణమై, పురపాలక సంఘముగా మారినది. 2007 ఏప్రిల్ 16న కాప్రా, ఉప్పల్ కలాన్‌లతో సహా 12 పురపాలక సంఘాలను విలీనము చేసి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. అప్పటివరకు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలో చేరినది.

జనాభా

సైనిక్‌పురి రెవెన్యూ గ్రామము గాని, ప్రత్యేక పట్టణము గాని కాదు. అందువలన జనగణనలో దీనికి విడిగా లెక్క లేదు. 2001 జనగణన ప్రకారము కాప్రా పురపాలక సంఘ జనాభా 1,59,176, ఉప్పల్ కలాన్ జనాభా 1,18,259. విలీనము తరువాత జరిగిన 2011 జనగణనలో ఇవి నగరములో భాగముగానే లెక్కకు వచ్చినవి. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. ఈ మధ్యకాలములో ఒక్కొక్క ఇల్లు ఉన్న స్థలాలలో అపార్టుమెంట్లు లేచినవి. బస్సులు, రోడ్లు, నీటి సరఫరా ఎందరికి అవసరమో తేల్చుటకు జనగణన అంకెలే ఆధారము కనుక, పాత లెక్కలతో అంచనా వేయుట కష్టము.

రవాణా సౌకర్యాలు

ఇక్కడి ప్రజలు ప్రధానముగా రోడ్డు రవాణాపై ఆధారపడుదురు. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా ఈ ప్రాంతానికి ముఖ్య బస్సు కూడలి. ఆర్టీసీ డిపో కుషాయిగూడలో కలదు. చౌరస్తా నుండి మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడకు, అక్కడి నుండి ఉప్పల్‌కు చేరవచ్చును. నాచారం పారిశ్రామికవాడలో పనిచేయువారికి ఇదే దారి.

సైనిక్‌పురిలో రైల్వే స్టేషను లేదు. సికింద్రాబాదు - మేడ్చల్ మార్గములోని అమ్ముగూడ, రామకిష్టాపురం గేటు సమీప స్టేషన్లు. ఈ మార్గములో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు 2023 ఏప్రిల్‌లో మొదలైనవి. 2024 మార్చిలో మౌలాలి - సనత్‌నగర్ మార్గమున ప్రయాణికుల రైళ్ళు ప్రారంభమగుటతో నేరేడ్‌మెట్ స్టేషను కూడ అందుబాటులోకి వచ్చినది. అయితే స్టేషనుకు చేరుటకు ఆటో లేక సొంత వాహనము కావలెను. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా నాగోలు వరకు సాగును. దానిని ఎక్కుటకు ఇక్కడి వారు ముందు బస్సులో హబ్సిగూడకో, తార్నాకకో వెళ్ళవలెను. దూరప్రాంత రైళ్ళ కొరకు 2025 జనవరి 6న కొత్త చర్లపల్లి టెర్మినల్‌ను ప్రారంభించారు.

సికింద్రాబాదుకు పోవు దారులలో కొన్ని సైనిక ప్రాంతము గుండా పోవును. భద్రతా కారణాలపై వాటిని మూసినపుడు ప్రజలు చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చును. 2018 మేలో రక్షణ మంత్రిత్వ శాఖ దేశములోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరువవలెనని ఆదేశించినది. సైనికుల కొరకు వెలసిన ఊరికి సైన్యపు దారులే కీలకమగుట ఇక్కడి విశేషము.

విద్య

భవన్స్ వివేకానంద కళాశాల ఇక్కడి ప్రముఖ విద్యాసంస్థ. ఇతర ప్రాంతాల విద్యార్థులు కూడ దీనికి వచ్చెదరు కనుక ఉదయము, సాయంత్రము బస్సులలో రద్దీ ఎక్కువ.