నీరు పోసిన మనిషి – ఘర్షణ చరిత్ర

ఈజిప్టు దేశంలో, నైలునది తీరాన దైర్ అల్-బర్షా అనే చోట సుమారు 3,900 సంవత్సరాల నాటి సమాధి ఒకటి ఉన్నది. అది జెహుతిహోతెప్ అనే ప్రాంతాధిపతిది. దాని గోడమీద ఒక దృశ్యం చిత్రించినారు. బ్రహ్మాండమైన విగ్రహాన్ని చక్రాలులేని కొయ్యచట్రంపై నిలిపి, 172 మంది మనుషులు నాలుగు బారులుగా మోకులు పట్టి లాగుతున్నారు. చట్రం ముందుభాగాన నిలిచిన ఒక మనిషి కుండతో నేలమీద ఏదో ద్రవం పోస్తున్నాడు.

అది పూజాతంతు అని పండితులు కొందరు తలచినారు. కాదు, పనే కావచ్చునని 2014లో ఆంస్టర్‌డాం విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల ప్రయోగం చూపినది. పొడి ఇసుకపై బరువును లాగితే ఇసుక ముందు కుప్పపడి అడ్డుకొంటుంది. తగినంత నీటితో తడిపితే రేణువులు ఒకదానినొకటి పట్టుకొని నేల గట్టిపడుతుంది. లాగడానికి కావలసిన బలం సగందాకా తగ్గుతుంది. నీరు మించితే ఆ లాభం పోతుంది.

తాకి ఉన్న రెండు వస్తువులలో ఒకటి కదలబోయినప్పుడు ఎదురునిలిచే బలమే ఘర్షణ. చేతులకు ఇంత ముందుగా తెలిసిన ఈ బలానికి సూత్రం కట్టడానికి మూడువేల ఏండ్లకు పైగా పట్టినది. బరువు రెట్టింపయితే ఘర్షణ రెట్టింపవుతుందనీ, తాకే వైశాల్యంతో దానికి నిమిత్తం లేదనీ ఇటలీలో లియొనార్డో డా విన్చి 1493 ప్రాంతాన గ్రహించినాడు. ఇటుకను పరచి లాగినా, నిలిపి లాగినా శ్రమ ఒక్కటే. కాని ఆ మాటలు ఆయన చేతివ్రాత పుస్తకాలలోనే ఉండిపోయినవి. 1699లో ఫ్రాన్సు దేశీయుడు గియోం అమొంతోఁ వాటినే తిరిగి కనుగొని పారిస్ విజ్ఞాన పరిషత్తుకు విన్నవించినాడు. వ్రాసి దాచిన విద్య లోకానికి అందడం రెండువందల ఏండ్లు ఆలస్యమైనది.

తరువాత కూలుంబ్ అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు రోష్‌ఫోర్ రేవులో ప్రయోగాలు చేసి, 1781లో ఆ పరిషత్తు బహుమానం పొందినాడు. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి బలం ఎక్కువ కావలెను. కదిలిన తరువాత తక్కువ చాలును. మొదటిది స్థైతిక ఘర్షణ, రెండవది జారుడు ఘర్షణ. బియ్యపు బస్తాను ఈడ్చిన ప్రతివారికీ ఇది అనుభవమే. మూడవదైన దొర్లుడు ఘర్షణనూ ఆయన కొలిచినాడు: దొర్లే దుంగ లావైనకొద్దీ నిరోధం తగ్గుతుంది. ఎద్దుబండికి పెద్ద చక్రం పెట్టిన మన వడ్రంగి అందుకొన్నదీ ఈ లాభమే.

నాలుగవది ప్రవాహి ఘర్షణ. ఈదేవానిని నీరు, సైకిలు తొక్కేవానిని గాలి అడ్డుకొనేది దీనివల్లనే. 1883లో ఇంగ్లండులో బీచం టవర్ రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తూ ఒకదానికి పైన రంధ్రం చేసినాడు. ఇరుసు తిరుగుతుండగా నూనె పైకి ఉబికినది. బిరడా పెడితే దానిని నెట్టివేసినది. తిరిగే ఇరుసు తానే నూనెను లోనికి లాగుకొని, ఆ పలుచని పొరపై తేలుతున్నదన్నమాట. గట్టి వస్తువుల రాపిడిని తప్పించి, దాని స్థానంలో ద్రవంయొక్క స్వల్పనిరోధాన్ని నిలపడమే కందెన చేసే పని.

ఘర్షణే లేకుంటే అడుగు పడదు, అగ్గిపుల్ల వెలగదు, కట్టిన ముడి నిలువదు. కావలసినచోట దానిని ఉంచుకొని, అక్కరలేనిచోట తగ్గించుకోవడమే మానవుని నేర్పు. ఆ నేర్పు పుస్తకాలకు ఎక్కకముందే పనివారి చేతులలో ఉన్నది. వారు చేసినది మనకు అర్థంకానప్పుడు ఆచారమని తీసివేయక, కొలిచి చూడడం చరిత్రకారునికీ, విద్యార్థికీ సమానధర్మం.