రాక్ సంగీతంలో ఇంటి ధ్వనిముద్రణ

ఇళ్ళలో, గ్యారేజీలలో, నేలమాళిగలలో పరిమితమైన పరికరాలతో రాక్ పాటలను ముద్రించి, వాటి శబ్దాన్ని వినదగిన స్థాయికి తెచ్చే పద్ధతులను ఇంటి ధ్వనిముద్రణ అంటారు. ఔత్సాహికుల అవసరం నుంచి పుట్టిన ఈ పద్ధతులు కాలక్రమంలో వృత్తి కళాకారులకూ ఉపయోగపడ్డాయి. వీటి చరిత్రలో ఒక వరస కనిపిస్తుంది: ఒక లోపాన్ని తొలగించిన ప్రతిసారీ అంతవరకు దాని చాటున ఉన్న మరో లోపం చెవికి తగిలింది. టేపు రొద తగ్గాక గది మోత బయటపడింది, గదిని కొంత అదుపు చేశాక అతి బిగ్గరతనం కొత్త సమస్య అయింది.

ఆరంభ దశ

థామస్ ఎడిసన్ 1877లో రూపొందించిన ఫోనోగ్రాఫు తరువాత వచ్చిన మైనపు సిలిండరు యంత్రాలలో ఖాళీ సిలిండరు తొడిగి ఇంట్లోనే గొంతు ముద్రించుకొనే వీలుండేది కాని, ఆ తరువాతి అర్ధ శతాబ్దంలో ఇంటి ముద్రణ సరదా స్థాయిని చెప్పుకోదగినంతగా దాటలేదు.

ఇంట్లో తయారైన శబ్దం మార్కెట్టులో నిలబడగలదని నిరూపించినవాడు అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్. హాలీవుడ్‌లోని తన ఇంటి గ్యారేజీలో ఆయన ఒక డిస్కుపై వాయించినదాన్ని వింటూ, దానికి మరో గిటారు కలిపి వేరే డిస్కుపై కోస్తూ, ఎనిమిది గిటారు భాగాలు పేర్చి చేసిన ‘లవర్’ రికార్డును కాపిటల్ సంస్థ 1948లో విడుదల చేసింది. గాయకుడు బింగ్ క్రాస్బీ ఇచ్చిన ఆంపెక్స్ టేపు యంత్రానికి ఆయన అదనపు హెడ్డును అమర్చి, పాత శబ్దం మీద కొత్త శబ్దాన్ని చేర్చే పద్ధతిని టేపులోకి తెచ్చాడు. ఇందులో కొత్త పొర పడగానే పాతది చెరిగిపోయేది కాబట్టి చివరి పొరలో వేలు తప్పితే మొదటినుంచి మళ్ళీ వాయించవలసి వచ్చేది. గాయని మేరీ ఫోర్డ్‌తో కలిసి న్యూయార్క్ ఇంట్లో చేసిన ‘హౌ హై ద మూన్’ 1951లో అమెరికన్ జాబితాలలో అగ్రస్థానానికి చేరింది. ఆమె మైకుకు అంగుళాల దూరంలో నిలబడి పాడటం వల్ల గొంతు ముందుకు వచ్చి, గది వెనక్కు తగ్గింది; ఇంటి గాయకులకు ఈనాటికీ మొదట చెప్పే ఉపాయం ఇదే.

లండన్‌లో 304 హాలోవే రోడ్డులో, తోలు వస్తువుల దుకాణం పైనున్న అద్దె ఫ్లాటులో జో మీక్ నడిపిన స్టూడియో రెండవ మైలురాయి. గదులు చాలక స్నానాల గదినీ మెట్లనూ వాడుకున్న ఈ నిర్మాత, కంప్రెషనును, అంటే పెద్ద శబ్దాలను అణచి చిన్న శబ్దాలను పైకి తెచ్చే ప్రక్రియను, ఆనాటి స్టూడియోల మర్యాదను మించి ప్రయోగించాడు. అక్కడ తయారై టొర్నేడోస్ బృందం పేర వచ్చిన ‘టెల్‌స్టార్’ 1962లో అమెరికాలో మొదటి స్థానాన్ని అందుకున్న తొలి బ్రిటిష్ బృంద గీతమైంది.

1970లో బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ తన తొలి సొంత ఆల్బంలో చాలా భాగాన్ని లండన్ ఇంట్లో నాలుగు ట్రాకుల స్టూడర్ యంత్రంపై ముద్రించాడు. ట్రాకు అంటే టేపు వెడల్పులో ఒక వాద్యానికో గొంతుకో కేటాయించిన సన్నని దారి. మిక్సరు బల్లగాని, శబ్ద స్థాయిని చూపే ముల్లుగాని లేకుండా మైకును నేరుగా యంత్రం వెనుక గుచ్చి, డ్రమ్ములలో ఏ భాగం తక్కువగా వినిపిస్తే మైకును ఆ భాగం వైపు జరుపుకొంటూ పని కానిచ్చాడు. మీట తిప్పి చేయవలసిన సర్దుబాటును మైకు చోటు మార్చి సాధించడం ఈ విద్యలో మూల సూత్రం; తరువాతి తరాలలో అత్యధికంగా విస్మరించబడినదీ అదే.

బోస్టన్ నేలమాళిగ

ఇంటి ముద్రణకు సాంకేతికంగా పరాకాష్ఠ అనదగినది బోస్టన్ బృందం 1976లో వెలువరించిన అదే పేరు గల ఆల్బం. దాని సూత్రధారి టామ్ షోల్జ్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, పోలరాయిడ్ సంస్థలో ఉద్యోగం చేస్తూ, జీతాన్ని పరికరాల మీద ఖర్చుపెట్టిన వ్యక్తి. వాటర్‌టౌన్‌లో ఆయన నివసించిన భవనపు నేలమాళిగలో, కొలిమి పక్కన, పైన్ చెక్క పలకలు బిగించిన, అప్పుడప్పుడు నీళ్ళు చేరే ఇరుకు చోటులో పన్నెండు ట్రాకుల స్కల్లీ యంత్రం ఉండేది. ఎపిక్ రికార్డు సంస్థ అక్కడ ముద్రించిన పాటలను వృత్తి స్టూడియోలో తిరిగి ముద్రించాలని కోరగా, నిర్మాత జాన్ బాయ్‌లన్ మిగిలిన సభ్యులను లాస్ ఏంజెలెస్‌లో పనిలో పెట్టి, షోల్జ్‌ను మాత్రం తన నేలమాళిగలోనే కొనసాగనిచ్చాడు. తరువాత ఒక సంచార ముద్రణ వాహనాన్ని ఇంటి ముందు నిలిపి, కిటికీ గుండా తీగలు లాగి, ఆ ట్రాకులను ఇరవై నాలుగు ట్రాకుల టేపుకు ఎక్కించారు. గాయకుడు బ్రాడ్ డెల్ప్ గొంతును, తుది మిక్సింగును, అంటే అన్ని ట్రాకుల పాళ్ళు సర్ది రెండు వైపుల స్టీరియోగా కలిపే పనిని, కాలిఫోర్నియాలో పూర్తిచేశారు. ఈ ఆల్బం ఒక్క అమెరికాలోనే 1 కోటి 70 లక్షల ప్రతులకు ధ్రువీకరణ పొందింది.

షోల్జ్ కృషిలో ఔత్సాహికులకు మరింత ఉపకరించినది ఆల్బం తరువాతి భాగం. రాక్ గిటారుకు జీవమైన గరగర, అంటే డిస్టార్షన్, వాల్వు ఆంప్లిఫయరును పూర్తి బలంతో నడిపినప్పుడే నిండుగా వస్తుంది, కాని ఆ మోతను ఇరుగుపొరుగు భరించలేరు. 1980లో తాను నెలకొల్పిన సంస్థ ద్వారా ఆయన తెచ్చిన పవర్ సోక్ అనే పెట్టె ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ నడుమ చేరి, శక్తిలో అధిక భాగాన్ని వేడిగా మార్చి, గరగరను ఉంచి గోలను తగ్గించింది. 1982లో వచ్చిన రాక్‌మ్యాన్ చేతిలో ఇమిడే పెట్టె. దానికి గిటారును తగిలిస్తే స్పీకరు, మైకు, గది మూడూ లేకుండానే ముద్రణకు సిద్ధమైన ధ్వని వెలువడేది. ఆ తరువాత వచ్చిన శాన్స్‌ఆంప్, లైన్ 6 సంస్థవారి పాడ్, నేటి సాఫ్ట్‌వేర్ ఆంప్లిఫయర్లు ఈ వంశానివే.

పోర్టాస్టూడియో, ‘నెబ్రాస్కా’

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్టు టేపు నాలుగు మిల్లీమీటర్లకన్న సన్ననిది, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడిచేది. స్టూడియో టేపు సాధారణంగా సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెత్తేది. టేపు సన్నబడినకొద్దీ, నెమ్మదించినకొద్దీ సుయ్యిమనే రొద పెరుగుతుంది. గృహ పరికరాల కోసం 1968లో వచ్చిన డాల్బీ బి పద్ధతి ముద్రించేటప్పుడు సన్నని హెచ్చు పౌనఃపున్యాలను పెంచి, వినేటప్పుడు అంతే తగ్గించి, వాటితోపాటు రొదనూ అణచివేసింది.

1979లో టాస్కామ్ 144 పేరుతో వచ్చిన పోర్టాస్టూడియో మామూలు క్యాసెట్టు రెండు ముఖాలనూ ఒకే దిశలో నాలుగు ట్రాకులుగా వాడుకొని, వేగాన్ని రెట్టింపు చేసి, చిన్న మిక్సరును కూడా అదే పెట్టెలో ఇమిడ్చింది. నాలుగు ట్రాకులు చాలనప్పుడు మూడింటిని కలిపి నాలుగవదానిపైకి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటిని మళ్ళీ వాడుకొనేవారు. దీనికి బౌన్సింగు అని పేరు. ఒకసారి కలిపినవాటి పాళ్ళను తిరిగి మార్చడం అసాధ్యం, పైగా ప్రతి బదిలీలో రొద పెరుగుతుంది. అందువల్ల బేసు, డ్రమ్ములు ముందుగా కలిపి, గొంతును చివరకు తాజా ట్రాకుపై ఉంచడం ఆనవాయితీ అయింది. ఈ నిర్బంధం ఔత్సాహికులకు పాట కూర్పును ముందే ఆలోచించే క్రమశిక్షణను నేర్పిందని అంగీకరించాలి.

1982 జనవరిలో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీ రాష్ట్రంలోని కోల్ట్స్ నెక్ అద్దె ఇంటి పడకగదిలో, టాస్కామ్ 144 ముందు రెండు ష్యూర్ ఎస్‌ఎమ్57 మైకులు పెట్టుకొని, తన బృందానికి నేర్పడం కోసం కొన్ని పాటలను ముద్రించుకొన్నాడు. వాటిని ఎకోప్లెక్స్ అనే టేపు ప్రతిధ్వని పెట్టె గుండా పంపి, ఒకప్పుడు నీళ్ళలో పడి కోలుకొన్న పానసానిక్ టేప్‌రికార్డరులోకి మిక్స్ చేశాడు. ఆ క్యాసెట్టు డబ్బా కూడా లేకుండా ఆయన జేబులో కొంతకాలం తిరిగింది. బృందంతో న్యూయార్క్ స్టూడియోలో అవే పాటలు వాయించి చూసినా పడకగది టేపులోని ఒంటరితనం రాలేదు. చివరకు ఆ క్యాసెట్టునే ఎల్‌పీగా తేవాలని నిర్ణయించాక అసలు కష్టం మొదలైంది: దాని ధ్వని డిస్కుపై గాడిగా కోయడానికి సులభంగా లొంగలేదు, పలు ప్రయత్నాల తరువాత తక్కువ స్థాయిలో కోసి గట్టెక్కించారు. 1982 సెప్టెంబరు 30న విడుదలైన ‘నెబ్రాస్కా’ ఇంటి ముద్రణకు గౌరవాన్ని తెచ్చిన ఉత్తమ కృతి. అయితే దాన్ని చూసి నాసి ధ్వనే గొప్పతనమని భావించినవారూ లేకపోలేదు. ఆ ఆల్బంలో రొద ఉన్నా, మైకుకు దగ్గరగా, స్థిరంగా పాడిన గొంతులో ఒక్క మాటా మసకబారదు.

ఒహాయో రాష్ట్రపు డేటన్ నగరానికి చెందిన గైడెడ్ బై వాయిసెస్ బృందం 1994లో తెచ్చిన ‘బీ థౌజండ్’ నాలుగు ట్రాకుల ముద్రణను ఒక శైలిగా స్థిరపరచింది.

డిజిటల్ దశ

1991లో ప్రకటించిన అలెసిస్ సంస్థవారి ఏడాట్ యంత్రం వీడియో క్యాసెట్టుపై ఎనిమిది డిజిటల్ ట్రాకులను ముద్రించి టేపు రొదను నిర్మూలించింది. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థవారి క్యూబేస్ వీఎస్‌టీ, 2000లో ఉచితమైన ఆడాసిటీ, 2004లో గ్యారేజ్‌బ్యాండ్ రావడంతో ఇంటి కంప్యూటరే స్టూడియో అయింది. 16 బిట్ల ముద్రణలో నిశ్శబ్దానికీ గరిష్ఠ శబ్దానికీ నడుమ సుమారు 96 డెసిబెళ్ళ ఎడం ఉండగా, 24 బిట్లలో అది సిద్ధాంతరీత్యా 144కు చేరుతుంది. కనుక టేపు కాలంలోలాగా స్థాయిని అంచుదాకా పెంచి ముద్రించవలసిన అవసరం తొలగింది. పాత అలవాటు మాత్రం చాలాకాలం పోలేదు. డిజిటల్ ముద్రణలో అంచు దాటిన శబ్దం తలతెగి, బాగుచేయడం కష్టమైన చిటపటగా మిగులుతుంది.

గది, మైకు

రొద తొలగాక ఔత్సాహికుల ముద్రణలో గది స్పష్టంగా వినిపించసాగింది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగుల దూరమున్న గదిలో సుమారు 56 హెర్ట్జ్ వద్ద ధ్వని తరంగం గోడల నడుమ నిలబడిపోతుంది. బేసు గిటారులో వేలితో నొక్కకుండా మీటిన ఎ తీగ 55 హెర్ట్జ్ పలుకుతుంది కాబట్టి ఆ స్వరం గదిని ఊపివేస్తూ, పక్క స్వరాలు పీలగా వినిపిస్తాయి. గదిని నమ్మి బేసును తగ్గించినవారి పాట బయట వింటే బలహీనంగా ఉంటుంది. మూలలలో నాలుగు అంగుళాలు, అంతకు మించిన మందం గల రాక్‌వూల్ పలకలు నిలబెట్టడం దీనికి ప్రధాన చికిత్స. విశేష ప్రచారం పొందిన కోడిగుడ్ల అట్టలు బేసును ఏమాత్రం పీల్చవు. అమెరికన్ ఇళ్ళలోని పలుచని జిప్సం పలకల గోడలు కదిలి కొంత బేసును బయటికి వదులుతాయి. తెలుగు ప్రాంతాలలో సాధారణమైన ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, నున్నని టైల్సు నేల దాన్ని లోపలే తిప్పికొడతాయి కనుక ఇక్కడి గదులకు పలకలతోపాటు బీరువా నిండా బట్టలు, దూది పరుపులు, మందపు తెరలు అవసరమవుతాయి. పాడేటప్పుడు సీలింగు ఫ్యానును ఆపక తప్పదు.

మైకు విషయంలో 1965లో వచ్చిన ఎస్‌ఎమ్57 గిటారు స్పీకరు ముందు నేటికీ ప్రామాణికం. స్పీకరు శంఖువు నడిమికి గురిపెడితే ధ్వని పదునుగా, అంచువైపు జరిపితే మెత్తగా ఉంటుంది, ఒక్క అంగుళం తేడా కూడా చెవికి తెలుస్తుంది. ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉంచేటప్పుడు గరగరను అలవాటుకన్న తగ్గించాలి; పొరలు కలిసినప్పుడు అది దానంతట అదే పెరుగుతుంది. డ్రమ్ములకు బ్రిటిష్ ఇంజనీరు గ్లిన్ జాన్స్ పేరుతో వ్యవహరించే పద్ధతి ఇంటికి చక్కగా సరిపోతుంది: ఒక మైకు పైన, మరొకటి పక్కన, రెండూ స్నేర్ డ్రమ్ముకు కొలిచినట్లు సమాన దూరంలో ఉంచి, కాలితో వాయించే పెద్ద డ్రమ్ముకు ఇంకొకటి పెడతారు. దూరాలు తేడాపడితే ఒకే దెబ్బ రెండు మైకులకు ముందువెనుకలుగా చేరి, కొన్ని పౌనఃపున్యాలు ఒకదానినొకటి రద్దుచేసుకొని డ్రమ్ము బోలుగా వినిపిస్తుంది.

బిగ్గరతనం, పునరుద్ధరణ

కంప్రెషనుకు గట్టు కట్టినట్లు పనిచేసే లిమిటరు సాఫ్ట్‌వేర్ రూపంలో అందరికీ అందడంతో పాటను సాధ్యమైనంత బిగ్గరగా పిండడం అలవాటైంది. 2008లో మెటాలికా బృందపు ‘డెత్ మాగ్నెటిక్’ పై శ్రోతలే నిరసన తెలిపేంతగా ఈ పోటీ ముదిరింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో వెలువరించిన బీఎస్.1770 ప్రమాణం బిగ్గరతనాన్ని చెవికి తోచే తీరులో కొలిచే మార్గాన్ని ఏర్పరచింది. ఆ కొలతలో స్పాటిఫై సాధారణంగా పాటలను మైనస్ 14కు సర్దుతుంది కాబట్టి, మైనస్ 8కి పిండిన పాటను 6 డెసిబెళ్ళు తగ్గించి వినిపిస్తుంది. పిండినందువల్ల దెబ్బతిన్న డ్రమ్ముల చురుకు మాత్రం తిరిగి రాదు.

పాత ఇంటి ముద్రణలను బాగుచేయడంలో ప్రసిద్ధమైన ఉదాహరణ జాన్ లెనన్ 1970ల చివరలో న్యూయార్క్ డకోటా భవనంలోని తన ఇంట్లో పియానోతో పాడి క్యాసెట్టుపై ముద్రించుకొన్న ‘నౌ అండ్ దెన్’. దాన్ని పూర్తిచేయాలని మిగిలిన ముగ్గురు బీటిల్స్ సభ్యులు 1995లో ప్రయత్నించారు కాని, కరెంటు గుయ్యిమనే శబ్దం, గొంతును కప్పేసే పియానో అడ్డుతగలడంతో పక్కన పెట్టారు. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం ‘గెట్ బ్యాక్’ చిత్రమాలిక కోసం అభివృద్ధిపరచిన యంత్రాభ్యాస పద్ధతి ఒకే ట్రాకులో కలిసిపోయిన గొంతును, పియానోను విడదీయగలిగింది. 2023 నవంబరు 2న విడుదలైన ఈ పాట 2025 ఫిబ్రవరిలో ఉత్తమ రాక్ ప్రదర్శనకు గ్రామీ పురస్కారాన్ని పొందింది.